ఎడమ పురి

ఉన్ని దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ముందుకు దొర్లిస్తే అది ఇంకా బిగుస్తుందా, లేక విచ్చుకుంటుందా అని చూసి, ఆ దారం శుభకార్యానికి పనికొస్తుందో రాదో తేల్చేవాళ్ళు మా ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. బిగుస్తే కుడి పురి, పనికొస్తుంది. విచ్చుకుంటే ఎడమ పురి, పనికిరాదు. మా తమ్ముడి పెళ్ళికి మా అమ్మ వడికిన దారాన్ని కూడా అలాగే దొర్లించి చూశారు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. కళ్యాణదుర్గం నుంచి కంబదూరు వైపు తిరిగే బస్సులో కండక్టరును. నాకంటే నా కోపం ముందు పుట్టిందని మా ఇంట్లో అంటారు. చిల్లర అడిగితే మొహం తిప్పుకునేవాళ్ళతో, ఎక్కిన చోటు మర్చిపోయినట్టు నటించేవాళ్ళతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచి అరిచి డిపోకు వచ్చేసరికి నా చేతులు వణుకుతూ ఉంటాయి. ఆ వణుకు తగ్గడానికే అల్లిక పట్టుకున్నాను. నేర్పింది ఫోను. ఎవరో ఉత్తరాది ఆవిడ, ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాదు, కానీ ఆమె వేళ్ళు అర్థమయ్యాయి. రెండు సూదులు, ఒక దారం ఉండ. బస్సు కదిలేలోపు నాలుగు వరసలు అల్లుకుంటే మనిషిని అయ్యేదాన్ని.

మా డ్రైవరుకు నన్ను చూస్తే నవ్వు. "ఏమ్మా, ఈ ఎండల్లో స్వెట్టరు అల్లుతాండావే. వేసుకున్నోడు బతుకుతాడా?" అనేవాడు. "ఫస్టు నీకే తొడిగి చూస్తాలే అన్నా" అనేదాన్ని. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మా అనంతపురం జిల్లాలో ఉన్ని అవసరమయ్యే రోజులు ఏడాదికి ఎన్నో లేవు. అయినా మార్గశిరంలో తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కే పసిబిడ్డల తల్లులు చీర కొంగే చుట్టి బిడ్డను తెచ్చుకుంటారు. వాళ్ళకు టోపీలు ఇచ్చేదాన్ని. టికెట్టు దగ్గర మాత్రం వాళ్ళతోనూ కొట్లాడేదాన్ని.

అంగట్లో దొరికే రంగురంగుల ఉన్ని నిజానికి ఉన్ని కాదు, ప్లాస్టిక్కు. మా ఇంట్లో అసలైన ఉన్ని అటక నిండా ఉండేది. మా పుట్టిల్లు కంబదూరు అవతల ఒక పల్లె. గొర్రెలే మా బతుకు. వానలు మొహం చాటేసిన ఏళ్ళల్లో మంద సగానికి పడింది, ఆ సగం మళ్ళీ సగమైంది. నాయన ఉన్నవాటినే మేపుకుంటూ, శనగచేను పీకేసిన తర్వాత ఆ బీళ్ళల్లో, కంపచెట్ల కిందా తిరుగుతూ ఉంటాడు. కంబళ్ళు నేసేవాళ్ళు మగ్గాలు మూలకు పెట్టేసి చాలా కాలమైంది. కత్తిరించిన ఉన్నిని అడిగే దిక్కు లేదు. చాలామంది దాన్ని దిబ్బలో పారేస్తున్నారు. అమ్మ మాత్రం పారేయనిచ్చేది కాదు. ఏకి, చుట్టలు చుట్టి, కదురు చేత పట్టుకుని నడుస్తూనే వడికేది. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడి వడికేది. పక్కింటామెతో తగువు పెట్టుకుంటూ కూడా కదురు ఆపేది కాదు.

"యాడికి పోతాదే ఈ దారమంతా? కొనేటోడు సచ్చినాడు" అని నాయన విసుక్కునేవాడు.

"నా చేతులు నీ మాదిరి ఊరికే ఉండలేవు" అనేది అమ్మ.

ఆ దారంతో నేను మొదట అల్లిన మఫ్లరు కుడివైపుకు ఒరిగిపోయింది. నిలువుగా రావాల్సిన గళ్ళన్నీ ఏటవాలుగా పోయాయి. సూదుల తప్పనుకుని కొత్తవి కొన్నాను. చేతి తప్పనుకుని విప్పి మళ్ళీ అల్లాను. మళ్ళీ ఒరిగింది. అమ్మకు చూపిస్తే పకపకా నవ్వింది. "నీ మాదిరే ఉండాది, వంకరగా" అంది. తర్వాత ఫోనులో వెతికి వెతికి తెలుసుకున్నాను. ఒంటి పోగు దారానికి ఒకవైపే పురి ఉంటుంది. మగ్గం మీద నిలువు, అడ్డం పోగులు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి కంబళి చక్కగా వస్తుంది. అల్లికలో పట్టి ఉంచేది ఏదీ లేదు. దారంలో ఉన్న పురి తను విచ్చుకోవాలని తన వైపుకు గుడ్డనంతా లాగుతుంది. రెండు పోగులు కలిపి వ్యతిరేక దిక్కులో పురి పెడితే రెండూ సర్దుకుంటాయి. ఇదంతా తెలిశాక నేనూ ఒక కదురు తెచ్చుకున్నాను. సెలవురోజు పుట్టింటికి పోతే అమ్మ వడకడం, నేను రెండేసి పోగులు కలపడం. మేం తల్లీకూతుళ్ళం తగవు పడకుండా కూర్చునే పని అదొక్కటే.

మేము కురుబవాళ్ళం. మాలో పెళ్ళికి ఉన్ని కంకణం కట్టేవాళ్ళు వేరు, పత్తి కంకణం కట్టేవాళ్ళు వేరు. కన్నడం కలిసిన మా మాటల్లో ఉణ్ణి కంకణం, హత్తి కంకణం అంటారు. మాది ఉణ్ణి. మా ఇంటి పద్ధతి ప్రకారం పెళ్ళికొడుకు ముంజేతికి కట్టే దారం సొంత మందలోని ఉన్నితో, పెళ్ళికొడుకు తల్లి చేత్తో వడికిందై ఉండాలి. అది కుడి పురి కావాలి. ఎడమ పురి దారం కూడా మా ఇళ్ళల్లో వడుకుతారు, కానీ ఒక్కదానికే. మనిషి పోయినప్పుడు కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టడానికి. అందుకే చిన్నప్పుడు సరదాకు కదురు అటువైపు తిప్పినా నెత్తిన మొట్టేవాళ్ళు.

తమ్ముడికి విడపనకల్లు దగ్గర సంబంధం కుదిరింది. పిల్ల రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోయేది. వాళ్ళది హత్తి కంకణం. వెనకటి రోజుల్లో అయితే ఈ సంబంధం కుదిరేదే కాదు. ఇప్పుడు మగపిల్లలకు పెళ్ళికూతుళ్ళు దొరకడమే గగనమైంది, గొర్రెలు కాసే ఇంటికి పిల్లనిస్తామన్నవాళ్ళను దారం సంగతి ఎవరు అడుగుతారు? తమ్ముడు గొర్రెలు కాయడు, ట్రాక్టరు నడుపుతాడు. అది వేరే సంగతి.

సంబంధం ఖాయమైన రోజే అమ్మ మందలోకి పోయి, తొలి కత్తిరింపు పడని గొర్రెపిల్లల్లో మెత్తటి బొచ్చున్నవి ఏరింది. ఆ ఉన్నిని తనే కడిగి, నీడన ఆరబెట్టి, తెల్లటి పంచెలో మూట కట్టి దూలానికి వేలాడదీసింది. "నా కొడుకు చేతికి నా దారమే ఉండల్ల" అంది. ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఏముంది అప్పుడు?

పంచెలో మూట అలా వేలాడుతూ ఉండగానే అమ్మకు పక్షవాతం వచ్చింది. మా ఊళ్ళో లకవా కొట్టింది అంటారు. పొద్దున కసువు ఊడుస్తూ ఊడుస్తూ చీపురు జారవిడిచిందట. వంగి తీసుకోబోయి ఒరిగిపోయిందట. నేను బస్సులో ఉండగా తమ్ముడు ఫోను చేశాడు. బస్సు నిండా జనం. టికెట్ల మిషను చేతిలో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా, "ముందుకు జరగండప్పా" అని అరుస్తూనే కళ్యాణదుర్గం దాకా వచ్చాను. ఆ రోజు చిల్లర కోసం నాతో ఎవరూ కొట్లాడలేదు.

అనంతపురం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి అమ్మ కుడి చెయ్యి ఆమెది కాకుండా పోయింది. కాలు ఈడ్చుకుంటూ నడిచేది. నోరు ఒక పక్కకు లాగి మాట ముద్దగా వచ్చేది. చేతికి పని చెప్పాలని మెత్తటి బంతి ఒకటి ఇచ్చారు, నొక్కుతూ ఉండమన్నారు. అమ్మ ఆ బంతిని ఎడమ చేత్తో తీసి వాకిట్లోకి విసిరేసింది. గొర్రెపిల్ల ఒకటి దాన్ని వాసన చూసి వదిలేసింది. మనిషికి ఇంక దేని మీదా ఆశ లేదనుకున్నాం. నాయన మందను తోలుకుపోవడం మానేసి అరుగు మీద కూర్చునేవాడు. నాయన అలా కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. భయమేసింది నాకు.

ఒక సెలవురోజు పోయేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. దూలానికి ఉన్న మూట కిందికి దిగింది. నాయన చేత దింపించిందట. ఉన్ని ఏకును పని చేయని కుడి ముంజేతికి చుట్టుకుంది. కదురును ఎడమ తొడ మీద పెట్టి ఎడమ అరచేత్తో ముందుకు దొర్లించి, అది తిరిగి వెనక్కి విచ్చుకునేలోపు రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, ఖాళీ అయిన ఆ చేత్తోనే ఉన్నిని లాగుతోంది. జానెడు దారం రావడానికి నేనొక వరస అల్లేంత సేపు పట్టింది. ఒకచోట పురికొస అంత లావు, ఒకచోట వెంట్రుక. తెగిపోయేది. తెగినప్పుడల్లా ఉమ్మితో తడిపి అతికించేది. నేను సాయం చేయబోతే మోచేత్తో నెట్టింది.

"నా కొడుకుది" అంది. ఆ మాట ముద్దగా వచ్చినా నాకు బాగానే అర్థమైంది.

ఆ తర్వాత పోయినప్పుడల్లా ఇంకొంత దారం ఉండేది. రోజురోజుకూ సన్నబడింది, సమమైంది. నాయన మళ్ళీ మందను తోలుకుపోవడం మొదలుపెట్టాడు. అమ్మ వడికి పారేసిన తొలి తుంపులు కొన్ని ఏరి తెచ్చుకుని బస్సులో చిన్న ముక్క అల్లాను. ఊరికే, ఆమె దారం చేత పట్టుకోవాలనిపించి. ఆ ముక్క ఎడమవైపుకు ఒరిగింది. ఇంకొక్క వరస, ఇంకొక్క వరస అనుకుంటూ అల్లాను. ఇంకా ఎడమకే పోయింది. సూదులు ఒళ్ళో పెట్టేసుకున్నాను. ఎడమ తొడ మీద ఎడమ చేత్తో ముందుకు దొర్లిస్తే వచ్చేది ఎడమ పురే కదా. అంతకాలంగా నా ఎదురుగానే జరుగుతున్నా నాకు తట్టలేదు. చుట్టు పక్కల సీట్లవాళ్ళకు నా మొహంలో ఏం కనిపించిందో, "ఏమైందక్కా?" అని అడిగారు. ఏమీ కాలేదన్నాను.

అమ్మకు తెలియకుండా ఉంటుందా? పుట్టిన దగ్గర్నుంచి వడికిన మనిషి. అడిగాను. తల ఊపింది. కదురును వెనక్కి, తన వైపుకు లాగి చూడమన్నాను. లాగింది. కదురు తొడ మీద నుంచి జారి కింద పడింది. మళ్ళీ లాగింది. పురి సరిగా ఎక్కక ఉన్ని పీచులాగా ఊడిపోయింది. ఆ రోజంతా అలాగే ప్రయత్నించింది, చివరికి కదురును మంచం కింద పెట్టేసి కళ్ళు మూసుకుంది. మరునాటికి మళ్ళీ తనకు చేతనైన వైపుకే దొర్లించడం మొదలుపెట్టిందని నాయన ఫోనులో చెప్పాడు.

పెళ్ళి పనులకు మా అత్త వచ్చింది. నాయనకు అక్క. మొగుడు పోయినప్పటి నుంచి మా ఇంటి శుభాశుభాలన్నీ ఆమె మాట మీదే నడుస్తాయి. ఆమె ఎదుట నాయన కూడా గొంతు పెంచడు. పురి ఎటున్నా కొడుక్కి తన దారమే కడతారన్న ధీమాతో అమ్మ ఎంతో సంబరంగా దారం ఉండను తీసి ఒళ్ళో పెట్టుకుంది. అత్త దాన్ని అందుకుని, కొస విప్పి, వేళ్ళ మధ్య పెట్టి దొర్లించింది. దారం విచ్చుకుంది. ఇంకోచోట పట్టి దొర్లించింది. అక్కడా అంతే. ఉండను మంచం మీద పెట్టి చీరకు చేతులు తుడుచుకుంది.

"ఇది ఎడమ పురి" అంది.

"చెయ్యి పోయింది గదా అత్తా. ఎడమ చేత్తో వడికితే ఇట్లే వస్తాది" అన్నాను.

"నాకు కండ్లు లేవా? చెయ్యి పోయిందని నేను ఏడ్సలేదా? అయినా ఇది ఎట్ల కడతారే వానికి?"

"ఉన్ని మాదే, వడికింది అమ్మే. ఇంకేం కావల్ల?"

"నీకు తెలీదు ఊరుకో" అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "మీ మామ కాళ్ళకు కట్టినప్పుడు ఆ దారం వడికింది నేనే. ఈ చేతులతోనే. ఇంట్లో ఇంకెవరూ లేరు వడికేదానికి. ఆ దారం ఎట్లుంటాదో నా వేళ్ళకు తెలుసు. అదే దారం మన పిల్లోని చేతికి కడతాంటే చూస్తా కూచోల్లంటావా?"

ఆమెతో ఎలా కొట్లాడను? బస్సులో అయితే ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తెలిసి అరుస్తాను. ఈమె అబద్ధమాడటం లేదు. ఆమెకు నిజంగానే భయంగా ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాక నా కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది.

అత్త భర్త పోయిన మనిషి కాబట్టి తను వడకకూడదు. "నువ్వు వడుకు. అక్కవి, ముత్తైదువవి. తల్లి లేకపోతే అక్క వడకచ్చు" అంది.

"తల్లి ఉండాది" అన్నాను.

అమ్మ ఉండను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తమ్ముడు వాకిట్లో ట్రాక్టరు దగ్గర నిలబడి ఉన్నాడు. "నాకు ఏదైనా ఒకటే, అమ్మ ఏడ్సకుంటే చాలు" అని మాత్రం అన్నాడు. మగవాళ్ళు తేలిగ్గా అనేస్తారు ఆ మాట, తేల్చాల్సిన పని మాత్రం ఆడవాళ్ళ మీదే పడుతుంది.

నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. అల్లిక నేర్పిన ఉపాయమే. ఎడమ పురి పోగులు రెండు కలిపి పేనాలంటే కుడికి తిప్పాలి. అప్పుడు పైకి కనిపించే పురి కుడి పురే. వేళ్ళ మధ్య దొర్లిస్తే బిగుసుకుంటుంది. ఎవరి పరీక్షకైనా నిలబడుతుంది. లోపల రెండు పోగులూ అమ్మవే. అమ్మ ఒళ్ళోంచి కొంచెం దారం తీసుకుని, వెనక గదిలోకి పోయి నా కదురు మీద పేనాను. ఎంత అందంగా వచ్చిందో. నా మీద నాకే మురిపెం కలిగింది. తెచ్చి అమ్మ ఎడమ అరచేతిలో పెట్టి చెవిలో చెప్పాను.

అమ్మ దాన్ని బొటనవేలితో తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఇది నీ పురి" అంది. "నాది కాదు."

"లోపల ఉండేది నీదే గదమ్మా."

"కప్పెట్టినావు" అంది.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మంచి చేద్దామనుకున్నాను నేను. ఆమె చెయ్యి పడిపోయిన సంగతిని, ఆ చేతి బదులు రెండో చెయ్యి నేర్చుకున్న సంగతిని, ఇన్ని నెలల పనిని నేను నా పురి కింద దాచేసి, అంతా మామూలుగానే ఉందని చూపించబోయాను. అమ్మకు దాచుకోవాల్సింది ఏమీ లేదు. కట్టడానికి పనికొస్తే తన దారంగానే పనికిరావాలి, రాకపోతే లేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది, అమ్మ మీదే. ఎంత మొండిమనిషి అనుకున్నాను. బయటికి పోయి అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి లోపలికి పిలిచింది. మిగిలిన ఉన్నిని నా వైపు తోసి, "వడుకు" అంది. పెళ్ళి ఆగకూడదు కదా. నేను కుడి చేత్తో, కుడి పురితో, తమ్ముడి కంకణానికి దారం వడికాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వడికిన దారాల్లోకెల్లా అది సన్నంగా, సమంగా వచ్చింది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

పెళ్ళికూతురు అప్పటికే నాతో ఫోనులో మాట్లాడుతూ ఉండేది. పెళ్ళి కుదిరిన కొత్తలో నేను అల్లిన టోపీల ఫోటోలు అడిగి చూసింది. కుట్టుపని చేసే పిల్ల, దారమంటే ఇష్టం. ఆ వారమంతా నా గొంతు బాగాలేదని గుచ్చి గుచ్చి అడిగితే జరిగింది చెప్పాను. "అట్లనా వదినా" అని ఊరుకుంది. కొత్తగా రాబోయే పిల్ల ఏమంటుందిలే అనుకున్నాను.

పెళ్ళి మా ఇంటి ముందే. పందిట్లో పెద్దలు కూర్చున్నారు. పసుపునీళ్ళ పళ్ళెంలో నేను వడికిన దారం రెండు తుంపులుగా నానుతోంది, ఒకటి వాడికి, ఒకటి ఆ పిల్లకు. మా ఇంటికి వచ్చే పిల్లకూ మా ఉన్ని కంకణమే కడతాం. అమ్మకు కొత్త చీర కట్టి, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టాం. పిల్లకు కంకణం కట్టాల్సింది అత్తగారైన అమ్మే, కానీ ఆమె ఒక్క చేత్తో ముడి వేయలేదు కాబట్టి ఆ పనీ నాకే అప్పజెప్పారు. తమ్ముడి కుడి ముంజేతికి దారం కట్టేశారు. వాడు అమ్మ వైపు చూడలేక తల వంచుకున్నాడు.

పిల్ల దగ్గరకు నేను పళ్ళెం పట్టుకుపోయాను. ఆ పిల్ల చెయ్యి చాచలేదు.

"వదినా, అత్తమ్మ దారం యాడుండాది?" అంది. మెల్లగానే అంది, కానీ పందిట్లో అందరికీ వినపడింది.

మా అత్త ముందుకు వచ్చింది. "అది పనికిరాదు పాపా. ఎడమ పురి."

"నాకు కట్టేది ఎడమ చేతికే గదా" అంది ఆ పిల్ల.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"మీ ఇండ్లల్లో పత్తి దారం. నీకు తెలీదు" అంది అత్త. "ఎడమ పురి దేనికి కడతారో నీకు ఎవరన్నా చెప్పినారా?"

"వదినె చెప్పింది. మా ఇండ్లల్లో పురి చూసేది లేదు. నాకు ఆ భయమూ లేదు."

"నీకేమన్నా అయితే?"

పిల్ల తల ఎత్తి కుర్చీలో ఉన్న అమ్మను చూసింది. "అత్తమ్మ ఇన్ని నెల్లు ఆ దారం చేత పట్టుకోనే ఉండాది. పండుకున్న మనిషి లేచి కూచునింది. ఆయమ్మకు మంచి చేసిన దారం నాకెందుకు చెడు చేస్తాది?"

అత్త ఆ పిల్లను చూసింది. అమ్మను చూసింది. నాయన పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దల్లో ఒకాయన ఏదో అనబోతే అత్తే చెయ్యి ఎత్తి ఆపింది.

"పో, తీసకరాపో" అంది నాతో. కొంగుతో మూతి కప్పుకుంది.

ఉండ అమ్మ మంచం తలగడ కింద ఉంది. నేను ఎలా పరుగెత్తానో, ఎవరి కాలు తొక్కానో తెలియదు. దారం తుంపి పసుపులో ముంచాను. అక్కడక్కడా లావుగా, అక్కడక్కడా సన్నంగా, ఎక్కడెక్కడ తెగితే అక్కడ ఉమ్మితో అతికిన గుర్తులతో ఉన్న దారం. పక్కన నేను వడికిన నున్నటి తుంపును తీసి పళ్ళెం అవతల పెట్టాను.

కట్టబోతుంటే ఆ పిల్ల లేచి నిలబడింది. పీటల మీద నుంచి లేవకూడదని ఎవరో అరిచారు. వినిపించుకోకుండా నాలుగడుగులు వేసి అమ్మ కుర్చీ ముందు నేల మీద కూర్చుని, ఎడమ చెయ్యి అమ్మ మోకాలి మీద పెట్టింది. నేను దారం అమ్మకిచ్చాను. అమ్మ ఎడమ చేత్తో దాన్ని ఆ ముంజేతి చుట్టూ తిప్పింది. ఒక కొస ఆమె వేళ్ళల్లో ఉంది. రెండో కొస పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు. నేను వంగాను. ఆ పిల్ల నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తన కుడి చేత్తో రెండో కొసను తనే పట్టుకుంది.

ఇద్దరూ కలిసి ముడి వేయబోయారు. అమ్మ కొసను పైనుంచి తేవాలంటే ఆ పిల్ల కిందినుంచి తెచ్చింది, రెండూ ఒకేవైపుకు పోయి ముడి జారిపోయింది. పసుపు అమ్మ కొత్త చీర మీద పడింది. అమ్మ నుదుట చెమట పట్టింది.

"ఇంగోసారి" అంది అమ్మ.

ఈసారి అమ్మ కొస పైకి వచ్చింది, పిల్ల కొస కిందికి పోయింది.

"లాగు పాపా" అంది అమ్మ, ముద్దమాటతో. "గెట్టిగా లాగు."

చెరో చేత్తో ఇద్దరూ లాగారు. ముడి పడింది.